డెల్టాలో సస్యరక్షణ గ్రాంట్లు: కాలువకు నీళ్లు రాకముందే డబ్బు చేరాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. గోదావరి డెల్టా జిల్లాలకు సమగ్ర సస్యరక్షణ (రసాయన మందు ఒక్కదాని మీదే ఆధారపడకుండా పురుగును, తెగులును అదుపు చేసే పద్ధతి) మీద పోటీ గ్రాంట్ల పథకం నడిపే బాధ్యత కొత్తగా మీకు వచ్చింది. పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు ప్రతిపాదనలు పంపుతాయి. ప్రకటన ఎలా రాయాలి, ఎవరిని ఎంపిక చేయాలి, డబ్బు ఎప్పుడు వదలాలి, చివరికి ఫలితం వచ్చిందో లేదో ఎలా తేల్చాలి అని అడిగారు. నమూనా ఫారాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ డెల్టాలో పథకం ఎక్కడ జారిపోతుందో అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు తేదీల సంగతి. ఇలాంటి పథకాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు మామూలుగా జూన్ మొదటి పక్షంలో నీళ్లు వదులుతారు. ఊడ్పులు ఆగస్టు దాకా సాగుతాయి, కోతలు నవంబరులో. దాళ్వా (రబీ వరి) డిసెంబరు, జనవరి నెలల్లో మొదలై ఏప్రిల్‌లో కోతకు వస్తుంది. ఆర్థిక సంవత్సరమేమో మార్చి 31తో ముగుస్తుంది. దాళ్వా చేలో సుడిదోమ (దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు) ముదిరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పటికి ప్రాజెక్టు ఖాతా మూసేసి మిగులు వెనక్కి పంపమంటే, చేలో దోమ లెక్కించే కుర్రాడికి కూలి ఇవ్వడానికి కూడా డబ్బు ఉండదు. పథకం కాగితాల మీద సంతకం పెట్టకముందే, దాళ్వా ఖర్చు మొత్తాన్ని తర్వాతి ఏడాదికి తీసుకెళ్లే అనుమతి నిబంధనల్లోనే రాయించుకోండి. పంట మధ్యలో అడిగితే ఆ ఫైలు కోతలయ్యాకే కదులుతుంది.

దీన్నిబట్టి మీ పథకం సంవత్సరం ఇలా ఉండాలి. అక్టోబరులో ప్రకటన ఇవ్వండి. సార్వా చేలల్లో పురుగు, తెగులు కళ్లెదుట ఉన్న నెల అది. కాబట్టి రాసేవాళ్లు పాత రిపోర్టులు తిరగేయకుండా చేలోకి వెళ్లి రాస్తారు. నవంబరు చివరికి 2 పేజీల సంక్షిప్త ప్రతిపాదన, జనవరి మధ్యకు పూర్తి ప్రతిపాదన. ఫిబ్రవరిలో సమీక్ష సంఘం, మార్చి మధ్యకు మంజూరు లేఖలు. ఏప్రిల్‌లో ఒప్పందం, మే 15 లోపు మొదటి విడత ఖాతాలో పడాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ప్రాథమిక సర్వే చేయించండి. దాళ్వా కోతల వేళ రైతుకు ఏ మందు ఎన్నిసార్లు కొట్టాడో, ఎంత అప్పు రాయించాడో ఇంకా గుర్తుంటుంది. జులైలో అడిగితే చెప్పేవన్నీ ఉజ్జాయింపు అంకెలే. సర్వే ఖర్చు మొదటి విడతలో కాకుండా పథకం నిర్వహణ పద్దులో పెట్టుకోండి, లేకపోతే డబ్బు కోసం సర్వే, సర్వే కోసం డబ్బు ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

మే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, వరిలో సస్యరక్షణ నిర్ణయాల్లో చాలావరకు ఊడ్పులు పూర్తయ్యేలోపే అయిపోతాయి. రకం ఎంచుకోవడం, నారు కొనలు తుంచి నాటడం (కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయాలు కొనల మీదే ఉంటాయి), ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరగా వదలడం, అంతా అప్పుడే. కాలిబాటలు తర్వాత తీయలేం. అవి లేని చేలో సెప్టెంబరు చివర సుడిదోమ కనిపిస్తే మందు దుబ్బు మొదటికి దించడం చాలా కష్టం. తాడు పట్టి బాటలు వదిలితే ఊడ్పు ముఠాలకు పని నెమ్మదిస్తుంది, అదనంగా అడుగుతారు. ఎకరా గుత్తకు నాటేవాళ్లు అడగడం న్యాయమే. ఆ అదనం బడ్జెట్లో ఉండాలి. ఆగస్టు చివర డబ్బు చేరిన ప్రాజెక్టుకు మిగిలేది పిచికారీ ఒక్కటే. దానికి గ్రాంటు అక్కర్లేదు, ఊళ్లో మందుల కొట్టు ఉంది.

రెండో సంగతి, పొలం ఎలా ఎంచుకోవాలి. వచ్చే ప్రతిపాదనల్లో చాలావాటిలో '5 మండలాల్లో 50 మంది రైతులు, ఒక్కొక్కరికి ఒక ఎకరం' అని ఉంటుంది. అంకె బాగుంటుంది, అయిదు మండలాల పేర్లు పడతాయి. పురుగు విషయంలో మాత్రం ఇది పనికిరాని పద్ధతి. సుడిదోమ రెక్కల పురుగులు ఎగిరి వస్తాయి, కాండం తొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు గట్టు దాటడానికి ఎవరి అనుమతీ అడగదు, ఎలుక రాత్రికి రాత్రే పక్క చేనుకు మారుతుంది. చుట్టూ పాతపద్ధతిలో మందు కొట్టే చేల మధ్య ఒక్క ఎకరంలో ఏం చేసినా, మిత్రపురుగులు నిలవవు, శత్రువులు ఆగవు. ప్రకటనలోనే రాయండి: వరి ప్రాజెక్టుకు కనీసం 25 ఎకరాలు ఒకే చెక్కగా, వీలైతే ఒకే బోదె (చేలకు నీరిచ్చే చిన్న కాలువ) కింద ఉండాలి. పెద్ద గ్రాంటుకైతే 100 ఎకరాలు. ఒకే బోదె అయితే నీళ్లు ఒకేసారి వస్తాయి, ఊడ్పులు ఒకే పక్షంలో ముగుస్తాయి. ఊడ్పుల మధ్య నెల తేడా ఉన్న ఆయకట్టులో ముందు ఈనిన చేను నుంచి వెనక చేనుకు పురుగు సాఫీగా మెట్లు ఎక్కుతూ వస్తుంది. శివారు భూముల్లో ఈ తేడా ఎక్కువ, అందుకే అక్కడి ప్రతిపాదనలో నీటి తేదీల గురించి ఏం రాశారో ప్రత్యేకంగా చూడండి. మురుగు దిగని మండలాలనుంచి వచ్చిన ప్రతిపాదన అయితే సార్వా అసలు వేస్తారా అని కూడా అడగాలి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ కారణాలు అన్నిచోట్లా తీరిపోలేదు.

చెక్కగా తీసుకున్నప్పుడు వచ్చే అసలు చిక్కు కౌలు. డెల్టాలో వరి చేసేవాళ్లలో కౌలు రైతులు చాలా ఎక్కువ. ప్రతిపాదనకు జతచేసిన సమ్మతి పత్రాల మీద భూయజమానుల సంతకాలు ఉంటాయి, చేలో మందు కొట్టేది వేరేవారు. యజమాని హైదరాబాదులోనో కాకినాడలోనో ఉంటాడు. సాగు చేస్తున్నవారి సంతకమే కావాలని పెట్టండి, పంట సాగుదారు హక్కు కార్డు ఉంటే దాని నంబరు, ఈ-పంట నమోదు వివరం తీసుకోండి. కార్డు లేదని కౌలు రైతును తీసేయవద్దు, గ్రామ రైతు సేవా కేంద్రం సిబ్బంది ధ్రువీకరిస్తే చాలు. ఇంకొక మాట. కౌలు రైతుకు మందుల కొట్టు నుంచి అప్పు ఉంటుంది, సలహా కూడా ఆ అప్పుతోపాటే వస్తుంది. నష్టపరిమితి (మందు కొట్టక తప్పని పురుగు సంఖ్య) దాటేదాకా కొట్టొద్దని చెప్పే ప్రాజెక్టు ఈ అప్పు గురించి ఒక్క వాక్యమైనా రాయకపోతే, రాసినవారికి ఊరు తెలియదని అర్థం. రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా పెట్టుబడి సర్దుబాటు చూపిన దరఖాస్తుకు ఎక్కువ మార్కులు ఇవ్వడం సబబే.

ప్రకటనలో ప్రాధాన్యాలు నాలుగైదు మించకూడదు. అవి ఆఫీసులో కూర్చుని రాసేవి కావు. అమెరికాలో ఇదే తరహా ప్రాంతీయ గ్రాంట్లు దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి నడిపారు. అక్కడ దరఖాస్తుదారు రైతులే గుర్తించిన అవసరాన్ని కాగితం మీద చూపించాల్సి ఉండేది, పంటవారీగా రైతులు, శాస్త్రవేత్తలు కూర్చుని రాసిన ప్రణాళికలు అందుకు ఆధారం. ఆ పద్ధతి మనం తీసుకోదగినదే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఒక్కోచోట ఒక పూట సమావేశం పెట్టి, గదిలో సగం మంది సాగుచేసేవాళ్లు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది. వరిలో సుడిదోమ, కాండం తొలుచు పురుగు, పాముపొడ తెగులు, ఎలుకలు. కొబ్బరిలో కొమ్ముపురుగు, ఎర్రముక్కు పురుగు, సర్పిలాకార తెల్లదోమ. పేర్లు దాదాపు ఇవే వస్తాయి, వరస మాత్రం ప్రాంతాన్నిబట్టి మారుతుంది. ఆ వరసే మీకు కావలసింది.

ఇక ప్రతిపాదన చేతికొచ్చాక సాంకేతికంగా ఏం పరీక్షించాలి? ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కాండం తొలుచు పురుగుకు ట్రైకోగ్రామా జపానికం (పురుగు గుడ్లలోనే తన గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న పరాన్నజీవి) కార్డులు వాడతామని ప్రతి రెండో దరఖాస్తులో ఉంటుంది. సిఫారసు హెక్టారుకు విడతకు లక్ష గుడ్లు, అంటే ఎకరాకు 40 వేలు. ఒక కార్డులో సుమారు 20 వేలు. ఎకరాకు విడతకు 2 కార్డులు, వారానికోసారి 5 విడతలు అంటే ఎకరాకు 10 కార్డులు. 100 ఎకరాల చెక్కకు 1,000 కార్డులు, అవీ వారానికి 200 చొప్పున అయిదు వారాలు వరసగా రావాలి. ఈ కార్డులు కొట్లో అల్మరాలో నిల్వ ఉండవు. ప్రయోగశాలలో ముందు బియ్యం చిలుక పురుగును పెంచి, దాని గుడ్ల మీద పరాన్నజీవిని వదలాలి. ఆ చిలుక పురుగు ఒక తరం తిరగడానికే నెలన్నర దాకా పడుతుంది. కాబట్టి ఆగస్టులో కార్డులు కావాలంటే జూన్ మొదట్లోనే ఆర్డరు ఉండాలి. ప్రతిపాదనతో పాటు ప్రయోగశాల ఇచ్చిన లిఖిత హామీ, వారానికి ఎన్ని ఇవ్వగలదో అంకెతో సహా, జతచేయమనండి. ఇది లేని ప్రతిపాదన ఎంత చక్కగా రాసినా ఆ పని జరగదు.

వచ్చిన కార్డుల నాణ్యత కూడా చూడాలి. పరాన్నజీవి పట్టిన గుడ్లు నల్లబడతాయి. కార్డు మీద భూతద్దం పెట్టి చూస్తే తెల్లగా మిగిలినవి ఎన్నో తెలిసిపోతుంది. ప్రతి విడత నుంచి చిన్న ముక్క కత్తిరించి గాజు గొట్టంలో పెట్టి, దూది బిగించి, మూడు నాలుగు రోజుల తర్వాత కంత పడ్డ గుడ్లు, పడనివి లెక్కపెట్టమనండి. చాలా ప్రాజెక్టుల్లో 'కార్డులు పనిచేయలేదు' అన్నదానికి కారణం దారిలోనే ఉంటుంది: ఎండలో బస్సు డిక్కీలో వచ్చాయి, లేదా చేరేసరికే పురుగులు బయటికి వచ్చేశాయి. పరాన్నజీవి ఎగిరేది కొద్ది మీటర్లే కాబట్టి కార్డులను ముక్కలు చేసి ఎకరాలో 40 చోట్ల ఆకు అడుగున కుట్టాలి. రెండు మూలల్లో రెండు కార్డులు కట్టి ఫోటో తీసుకుంటే లాభం లేదు. వదిలిన వారం ముందూ వెనకా పురుగుమందు కొడితే డబ్బు మడిలో పోసినట్టే. ఈ లెక్క దరఖాస్తులో లేకపోతే సమీక్ష సంఘం అడగాలి.

ఇదే పద్ధతిలో మిగతావీ పరీక్షించవచ్చు. డ్రోన్ పిచికారీ పెట్టారనుకోండి. ఎకరాకు 8 నుంచి 10 లీటర్ల నీటితో పైనుంచి పడే మందు ఒత్తైన స్వర్ణ రకం వరి చేలో దుబ్బు మొదట్లో కూర్చున్న దోమకు ఎంత చేరుతుందో వాళ్లు కొలుస్తారా? కొలుస్తామంటే అది మంచి ప్రతిపాదన, కొలవకపోతే అద్దె ఖర్చు. ఎలుకల పని అయితే రోజుల వారీ ప్రణాళిక చూడండి. మొదటి రోజు గట్ల మీద కన్నాలన్నీ మూయాలి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టాలి. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం బ్రోమాడయోలోన్ కలిపి, కన్నానికి 15 గ్రాముల పొట్లం. చెక్క అంతా ఒకే రోజున జరగకపోతే ఈ మందు ఖర్చు అనవసరం. ఎలుక బుట్టలు పెట్టేవాళ్లకు కూలి కూడా లెక్కలో ఉండాలి, డెల్టాలో ఆ నైపుణ్యం ఇంకా ఉంది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి జీవ మందులు కొంటామంటే రిజిస్ట్రేషన్ ఉన్నవే కొనాలి. గ్రాముకు ట్రైకోడెర్మా కనీసం 20 లక్షలు, సూడోమోనాస్ 10 కోట్ల సజీవ కణాలు ఉన్నాయో లేదో పరీక్ష చేయించే ఖర్చు పెట్టించండి. గోడౌనులో వేసవి గడిపిన సంచిలో మిగిలేది సుద్దపొడి మాత్రమే కావచ్చు.

చేపల, రొయ్యల చెరువుల పక్కనున్న ఆయకట్టు అయితే మరో ప్రశ్న తప్పనిసరి. ఆ చేను నీళ్లు ఏ మురుగు కాలువలోకి దిగుతాయి, దాన్ని కింద ఎవరు తోడుకుంటారు? సింథటిక్ పైరిత్రాయిడ్లు చేపకూ రొయ్యకూ చాలా చిన్న మోతాదులోనే ప్రాణాంతకం. పైగా వరిలో అవి సుడిదోమను మళ్లీ ఉవ్వెత్తున లేపుతాయి. రెండు కారణాలతోనూ మీ గ్రాంటు చేలల్లో వాటిని వాడరాదని ఒప్పందంలో రాయడం మంచిది.

కొబ్బరి ప్రతిపాదనలకు వరి గడువు పెట్టకండి. ఒక్క సీజనులో కొబ్బరి చెట్టు ఏమీ చెప్పదు. కనీసం రెండేళ్లు ఇవ్వండి. సర్పిలాకార తెల్లదోమ 2016లో మన దేశంలో తొలిసారి తమిళనాడు పొల్లాచ్చి వైపు బయటపడింది, తర్వాత మన తోటలకూ వచ్చింది. దాని మీద ఎన్‌కార్షియా అనే పరాన్నజీవి తనంతట తానే స్థిరపడుతుంది. రసాయనాలు కొడితే ముందు పోయేది అదే. కాబట్టి పవరు స్ప్రేయరుతో తోటలన్నీ తడిపే ప్రతిపాదన కంటే, పరాన్నజీవి పట్టిన ఆకు ముక్కలను లేనిచోటికి తరలించి, ఐసేరియా శిలీంధ్రాన్ని అవసరమైన చోట వాడి, ఆకుకు ఎన్ని నల్లబడ్డ పిల్లపురుగులున్నాయో లెక్కించే ప్రతిపాదనకు విలువ ఎక్కువ. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో జీవనియంత్రణ ప్రయోగశాల ఉంది, కొబ్బరి ప్రాజెక్టు ఏదైనా అక్కడి శాస్త్రవేత్తలతో మాట్లాడిన దాఖలా చూపాలి. కొమ్ముపురుగు పెరిగేది పేడకుప్పల్లో, కుళ్లిన మొద్దుల్లో. మెటారైజియం శిలీంధ్రాన్ని కలపాల్సింది అక్కడే, ఆ కుప్ప తోట యజమానిది కాకపోవచ్చు. అందుకని ఇక్కడ కూడా ఊరే ప్రమాణం. ఎర్రముక్కు పురుగును పట్టే వాసన ఎర బుట్టలను లేత చెట్లకే కట్టే పొరపాటు తరచుగా జరుగుతుంది. వాసనకు వచ్చిన పురుగు బుట్టలో పడేలోపు పక్కనున్న చెట్టునే పట్టుకుంటుంది. విడిగా పాతిన గుంజకు కట్టాలి. కడియం నర్సరీల నుంచి మొక్కలు ఎక్కడెక్కడికో వెళతాయి కాబట్టి, మొక్కలతో పురుగు వ్యాపించకుండా చూసే చిన్న ప్రాజెక్టు ఒకటి వస్తే నా మట్టుకు నేను దానికి ముందు వరసలో చోటిస్తాను.

సమీక్ష సంఘం గురించి. ఒక్కో ప్రతిపాదనను ముగ్గురు విడివిడిగా చదవాలి: ఒక కీటక లేదా తెగుళ్ల శాస్త్రవేత్త, ఒక విస్తరణ అనుభవజ్ఞుడు, ఒక సాగుదారు. గణాంకాలు తెలిసినవారు ఒకరు మొత్తం అన్నిటి మూల్యాంకన భాగాన్ని చూడాలి. శాస్త్రవేత్తను డెల్టా బయటి నుంచి పిలవండి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, బెంగళూరులోని కీటక వనరుల సంస్థ లాంటి చోట్ల తగినవాళ్లు ఉన్నారు. ఎందుకంటే మన వ్యవసాయ శాస్త్రవేత్తల్లో చాలామంది బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి వచ్చినవారే. గురువు, శిష్యుడు, సహాధ్యాయి బంధాలు సహజం, మారుటేరు వరి పరిశోధన స్థానం మీద గౌరవమూ సహజం. అందులో ఎవరి తప్పూ లేదు, కానీ నియమం ముందే రాసి పెట్టాలి. ఒకే సంస్థలో పనిచేయడం, పరిశోధక మార్గదర్శకత్వం, గత 4 ఏళ్లలో కలిసి వ్యాసం రాయడం, బంధుత్వం, వీటిలో ఏది ఉన్నా ఆ ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు గదిలోంచి బయటికి వెళ్లాలి. వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. సాగుదారు సభ్యునికి ప్రతిపాదన తెలుగులో అందాలి. ఇంగ్లీషులో 30 పేజీలు ఇచ్చి అభిప్రాయం అడిగితే ఆయన మర్యాదకు తలూపుతాడు, మీరు కోల్పోయేది ఆయనకు మాత్రమే తెలిసిన విషయం.

మార్కులు 100 అనుకుంటే, అవసరానికి 20, సాంకేతిక సత్తాకు 25, పొలం ఎంపిక, రైతుల భాగస్వామ్యానికి 25, కొలిచే పద్ధతికి 20, బడ్జెట్‌కు 10. సగటు తీసి వరస పెట్టడంతో ఆగకండి. ముగ్గురి మార్కుల మధ్య 20కి మించి తేడా ఉన్న ప్రతిపాదనను తప్పకుండా చర్చకు పెట్టండి. ఒకరికి కనిపించిన లోపం మిగతా ఇద్దరికీ కనిపించకపోయి ఉంటుంది, లేదా ఒకరు ఎప్పుడూ గట్టిగా వేసేవారై ఉంటారు. రెండోదాన్ని ఆయన మిగతా మార్కులు చూస్తే పసిగట్టవచ్చు.

బడ్జెట్లో మొదట వెతకాల్సింది నిఘా కూలి. 100 ఎకరాల చెక్కలో 10 ఎకరాలకు ఒక స్థిరమైన చోటు, ఒక్కోచోట 10 దుబ్బులు, అంటే వారానికి 100 దుబ్బులు, నాటిన 20 రోజుల నుంచి గింజ గట్టిపడేదాకా. దుబ్బును వంచి తట్టి, నీటి మీద పడ్డ దోమలను, పక్కనే వాటిని తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను లెక్కించాలి. ఊరి కుర్రాళ్లు ఇద్దరు ఒక పూటలో చేయగలరు, కానీ ప్రతి వారం చేయాలి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15 దోమలు దాటాయా, చదరపు మీటరుకు ఒక కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయమో తల్లి పురుగో కనిపించిందా అన్న నిర్ణయం మొత్తం ఈ లెక్క మీదే నిలబడుతుంది. లాప్‌టాప్, ప్రొజెక్టరు, ఫ్లెక్సీలకు సొమ్ము ఉండి ఈ కూలికి లేకపోతే ఆ ప్రాజెక్టు ముందే తేలిపోయినట్టు. పరికరాలకు 15 శాతం, సంస్థ నిర్వహణ ఖర్చుకు 10 శాతం పరిమితి పెట్టండి.

విడతలు 50, 40, 10గా వదలండి. రెండో విడత నవంబరులో, సార్వా లెక్కలు అందాక, దాళ్వా మొదలయ్యేలోపు. చివరి 10 శాతం సమాచార పట్టికలు మీ చేతికి వచ్చాకే. సొమ్ము కేంద్రానిదైతే 2017 సాధారణ ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. వినియోగ ధ్రువపత్రం 12-ఎ ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు రావాలి. గ్రాంటు మీద వచ్చిన వడ్డీ ఖజానాకు జమచేయాలి. చిన్న సంఘాలు ఈ వడ్డీ సంగతి తెలియక ఖర్చుపెట్టేస్తాయి, రెండో విడత అక్కడే ఇరుక్కుంటుంది. మంజూరు లేఖతో పాటే ఒక పేజీ తెలుగు నోటు ఇచ్చి, వాళ్ల అకౌంటెంటును ఏప్రిల్‌లో ఒక పూట కూర్చోబెట్టి చెబితే ఈ తలనొప్పి ఉండదు. స్వచ్ఛంద సంస్థలకు దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థల కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు సంఖ్య) ఉందో లేదో సంక్షిప్త ప్రతిపాదన దశలోనే చూసుకోండి.

ఫలితం కొలిచే దగ్గర మూడు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది, 'ఎన్నిసార్లు మందు కొట్టారు' అని అడిగితే రైతు పిచికారీలే చెబుతాడు. ఎరువుతో కలిపి చల్లిన గుళికలు ఆయన లెక్కలో 'కొట్టడం' కాదు. విడిగా అడగాలి. ఒకే ట్యాంకులో మూడు మందులు కలిపిన పిచికారీని ఒకటిగా రాయకూడదు, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. యూరియా బస్తాలు కూడా అడగాలి, ఎందుకంటే నత్రజని ఎక్కువైన చేలోనే దోమా పాముపొడా ముదురుతాయి. రెండోది, పోల్చే చేను. సస్యరక్షణ చెక్కలో దోమను తట్టుకునే ఎం.టి.యు. 1064 రకం వేసి, పోల్చే చేలో దోమకు లొంగే స్వర్ణ ఉంటే, వచ్చిన తేడా రకానిదా మీ పద్ధతిదా? రకం మార్చడమూ సస్యరక్షణే, దాన్ని కాదనలేం. అప్పుడు రెండు రకాలూ రెండు వైపులా ఉండాలి. పోల్చే చెక్క వేరే బోదె కింద, అదే నేల, అదే ఊడ్పు పక్షం, కనీసం మూడు జతలు. మూడోది, దిగుబడి. రైతు చెప్పిన బస్తాలు కాకుండా, 5 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు గడిలో కోసి, తేమ కొలిచి రాయాలి. ఆ గడి ఎక్కడ పడాలో ముందే చీటీ తీసి నిర్ణయించాలి, చేలోకి దిగాక బాగున్న చోటు చూసుకుని కాదు. అన్ని ప్రాజెక్టులకూ ఒకే పట్టిక ఇవ్వండి. ఎవరి పట్టిక వాళ్లు తయారుచేసుకుంటే మూడేళ్ల తర్వాత డెల్టా మొత్తానికి కలిపి ఒక్క మాట చెప్పలేరు.

తనిఖీకి క్షేత్ర దినోత్సవం రోజున వెళ్లకండి. సార్వాలో సెప్టెంబరు మధ్యలో ఒకసారి, అక్టోబరు ఈనిక వేళ ఒకసారి, దాళ్వాలో మార్చిలో ఒకసారి వెళ్లండి. ముందురోజు సాయంత్రం చెబితే చాలు. వెళ్లి నిఘా పుస్తకంలో క్రితం వారం రాసిన చోటే పది దుబ్బులు మీరే తట్టి చూడండి. పుస్తకంలో ప్రతి వారం, ప్రతి చోటా దోమల సంఖ్య 5, 6, 5 అని గుండ్రంగా నడుస్తుంటే ఆ లెక్క ఇంట్లో కూర్చుని రాసిందే. నిజమైన చేలో ఒక దుబ్బులో ఏమీ ఉండదు, పక్క దుబ్బులో 30 ఉంటాయి.

అక్టోబరు, నవంబరు తుపాన్లు, జులై, ఆగస్టు వరదలు ఒప్పందంలో ముందే ఉండాలి. చెక్కలో మూడోవంతు ఒక వారానికి మించి మునిగితే ఏం చేయాలో రాయండి: 10 రోజుల్లో మీకు తెలియజేయడం, అప్పటిదాకా ఉన్న లెక్కలు అప్పగించడం, మిగిలిన సొమ్ముతో అదే బోదె కింద దాళ్వాకు కొనసాగడానికి అదనపు డబ్బు లేని గడువు పెంపు. ఈ క్లాజు లేకపోతే, మునిగిన చేనుకు కూడా కాగితం మీద దిగుబడి పుడుతుంది. తుపానుకు పాడైన ప్రాజెక్టును విఫలమైన ప్రాజెక్టుగా లెక్కించబోమని మంజూరు లేఖలోనే స్పష్టంగా చెబితే నిజం రాయడానికి వాళ్లకు ధైర్యం వస్తుంది.

చివరగా, గ్రాంటు రాని వాళ్ల గురించి. ఎంపిక కాని ప్రతి దరఖాస్తుకూ సమీక్షకుల వ్యాఖ్యలు, పేర్లు తీసేసి, మార్చి నెలలోనే పంపండి. 'మీ ప్రతిపాదన ఎంపిక కాలేదు' అనే ఒక్క వాక్యం చాలదు. పొలం చెక్కగా లేదనో, కార్డుల హామీ లేదనో, కూలి పెట్టలేదనో తెలిస్తే సార్వా అంతా చూసుకుని అక్టోబరుకు సరిచేసి మళ్లీ పంపుతారు. కొత్త ప్రకటనలో పాత వ్యాఖ్యలకు ఏం జవాబిచ్చారో ఒక పేజీ రాయమని అడగండి, ఆ పేజీని పాత సమీక్షకుల్లో కనీసం ఒకరికి చూపించండి.